రోహిణి కార్తె ఉత్తరాలు: ఎండ, ఉక్క, అలలు

ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి, సగం ఎండ మీద కోపంతో రాసినవే. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను రాసిన పది పన్నెండు రోజులకు గానీ పత్రిక మీ చేతికి రాదు, కాబట్టి ఫలానా మంగళవారం మా ఊళ్లో వాన పడుతుందా అంటే నా దగ్గర జవాబు లేదు, చెప్పే జ్యోతిష్కులు వేరే ఉన్నారు. మే నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా మన నేల మీద, ఒడ్డు పక్క సముద్రంలో మామూలుగా ఏం జరుగుతుంది, వాతావరణ శాఖ బులెటిన్‌లో మాటలకు అసలు కొలత ఏంటి, ఇవైతే చెప్పగలను.

మా కారు మీటరు 49 చూపించింది. సాయంత్రం టీవీలో 44 అన్నారు. జనం భయపడతారని తగ్గించి చెబుతున్నారా? - ఒక పాఠకుడు, రెంటచింతల

ఈ అనుమానం ఏటా ఎవరో ఒకరికి వస్తుంది. తగ్గించరండీ. వాతావరణ శాఖ థర్మామీటరు ఉండేది ఎండలో కాదు. తెల్లరంగు వేసిన చెక్క పెట్టె, నాలుగు వైపులా పాతకాలం కిటికీ రెక్కల్లాంటి పలకలు, లోపలికి గాలి ఆడుతుంది గానీ ఎండ పడదు, నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తు. దాన్ని స్టీవెన్‌సన్ పెట్టె అంటారు. అందులో కొలిచేది గాలి వేడిని. మీ కారు సెన్సరు ముందు బంపరు దగ్గర ఎక్కడో ఉంటుంది, కింద తారురోడ్డు, పక్కన ఇంజను, అది 49 చూపించడంలో వింతేం లేదు. రెండూ నిజమే, కొలిచిన చోటే వేరు.

మీరు అడగలేదు గానీ దీని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది, 44 ఉన్నా 'వడగాలులు' అనలేదేంటి అని. మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు చేరాలి, పైగా ఆ రోజుకు ఆ ఊళ్లో మామూలుగా ఉండే దానికంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి, అప్పుడే వడగాలి అంటారు. తేడా ఆరున్నర అయితే తీవ్ర వడగాలి. లేదంటే ఈ లెక్కతో పని లేకుండా 45 చేరితే వడగాలి, 47 చేరితే తీవ్రం. మీ ఊరు ఎండలకు పేరుమోసింది, మామూలే ఎక్కువ కాబట్టి తేడా చిన్నదిగా కనిపిస్తుంది. పేరు ఏం పెట్టినా ఒంటికి 44 అంటే 44 లెక్కే, మధ్యాహ్నం పొలం పని మాత్రం వద్దు.

విశాఖలో 35 దాటడం లేదు, అయినా ప్రాణం పోతోంది. రామగుండంలో మా అక్కావాళ్లు 42లో కూడా బానే ఉన్నారట. మా అత్తగారు నన్ను నాజూకు అంటున్నారు. కూలర్ కొనమంటారా? - ఒక గృహిణి, విశాఖపట్నం

అమ్మా, ఈ పేజీ మీ అత్తగారికి చూపించండి. 35 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 60 శాతం ఉంటే ఒంటికి తెలిసే వేడి సుమారు 45. అదే 42 డిగ్రీల్లో తేమ 20 శాతమే ఉంటే ఒంటికి తెలిసేది కూడా 42 చుట్టుపక్కలే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది, మీ దగ్గర గాలి అప్పటికే నీళ్లతో నిండి ఉంటే చెమట ఎక్కడికి పోతుంది, చీరకు అంటుకుని కూర్చుంటుంది. కాబట్టి నాజూకు సంగతి కాదు, లెక్క మీ వైపే ఉంది.

కూలర్ మాత్రం వద్దు. కూలర్ పనిచేసేది నీళ్లు ఆవిరి కావడం మీదే. రామగుండంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మీ గదిలో ఉన్న ఉక్కకు ఇంకాస్త ఉక్క కలుపుతుంది. కిటికీలు తీసి ఫ్యాను పెట్టుకోవడమే నయం.

మీరు గమనించాల్సింది సముద్రం గాలి. మామూలు రోజున పదకొండు, పన్నెండు గంటల మధ్య అది మొదలవుతుంది, అప్పటిదాకా ఎక్కుతున్న ఎండ అక్కడ ఆగిపోతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది రాదు, వచ్చినా నాలుగు గంటలకు నీరసంగా వస్తుంది, ఆ రోజుల్లోనే బాపట్ల, మచిలీపట్నం లాంటి ఒడ్డున ఉన్న ఊళ్లు కూడా 42, 43 చూస్తాయి. అందుకే తీరంలో వడగాలికి 40 అక్కర్లేదు, 37 చేరి మామూలు కంటే నాలుగున్నర ఎక్కువుంటే చాలు. ఇంకో సంగతి, బంగాళాఖాతంలో తుపాను పుట్టి బెంగాల్ వైపు పోయిందనుకోండి, హమ్మయ్య అనుకుంటాం. అది పోతూ పోతూ నేల మీది పొడిగాలిని మన మీదుగా లాక్కుంటుంది, తర్వాత రెండు మూడు రోజులు కోస్తా మంటెత్తిపోతుంది. తుపాను తప్పిపోయిన వారమే ముసలివాళ్లను ఎక్కువ కనిపెట్టుకోవాలి. 2015 మే చివర్లో ఆంధ్ర, తెలంగాణ కలిపి 2,000 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది కూలీలూ, పెద్దవాళ్లూ.

కొనుగోలు కేంద్రంలో నా వడ్లు పన్నెండు రోజులుగా కుప్ప పోసి ఉన్నాయి. తేమ 17 కన్నా ఎక్కువుందని రోజూ ఆరబోయిస్తున్నరు. రేడియోలో 'ఒకటి రెండు చోట్ల ఉరుములతో వాన' అంటరు. ఏ ఒకటి రెండు చోట్ల సార్? - ఒక రైతు, జగిత్యాల జిల్లా

ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఆ మాట వింటే ఎవరికైనా జిల్లాలో రెండే ఊళ్లలో పడుతుందని అనిపిస్తుంది, కాదు. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు చోట్ల పడొచ్చనుకుంటే 'ఒకటి రెండు చోట్ల' అంటారు. నాలుగో వంతు నుంచి సగం దాకా అయితే 'కొన్ని చోట్ల', సగం నుంచి ముప్పాతిక దాకా 'చాలా చోట్ల', ఆ పైన 'దాదాపు అన్ని చోట్ల'. అంటే మీ కుప్ప తడిచే అవకాశం ఆ రోజు తక్కువే గానీ సున్నా కాదు. పన్నెండు రోజులు బయట ఉన్న కుప్పకు 'తక్కువ' అనే మాట పన్నెండుసార్లు పరీక్ష పెడుతుంది, చిక్కంతా అక్కడే ఉంది.

వాన లెక్క కూడా చెబుతాను. 'భారీ' అంటే 24 గంటల్లో సుమారు 7 నుంచి 11 సెంటీమీటర్లు. 12 నుంచి 20 అయితే 'అతి భారీ'. మే నెల గాలివాన అంత పడకపోవచ్చు, రెండు సెంటీమీటర్లు పడినా వడ్లకు అదే ఎక్కువ. మీకు వాన అంకె కంటే గాలి అంకె ముఖ్యం. 30-40 కిలోమీటర్ల ఈదురుగాలి అంటే కుప్ప మీద కట్టిన టార్పాలిన్ పట్టా నిలుస్తుంది. 50-60 అన్నారంటే నాలుగు మూలలా రాళ్లు పెట్టిన పట్టా లేచిపోతుంది, మధ్యలో అడ్డంగా మోకు వేసి ఇసుక సంచులకు కట్టాలి. చాలామంది పైన కప్పుతారు గానీ కింద నుంచి నీళ్లు చేరతాయి, కుప్ప చుట్టూ జానెడు కాలువ తీస్తే సగం నష్టం తప్పుతుంది.

పొద్దున రేడియోలో విన్నది రోజంతటికీ. మధ్యాహ్నం నుంచి మాత్రం హైదరాబాద్ వాతావరణ కేంద్రం మూడు గంటలకు సరిపడా ఇచ్చే తక్షణ సూచన ఫోన్‌లో చూడండి, రాడార్‌లో మబ్బు కనబడ్డాక ఇచ్చేది కాబట్టి అది జిల్లా పేరుతో సహా ఉంటుంది. పసుపు రంగు అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే పనిలోకి దిగమని. ఫోన్ లేకపోతే పడమర, వాయవ్యం వైపు చూడండి. పన్నెండు దాటాక గోబీపువ్వులా తెల్లటి మబ్బు నిలువుగా పెరుగుతూ పోయి పైన కమ్మరి దాగలిలా పరుచుకుందంటే వానకు గంటో రెండు గంటలో. ఉన్నట్టుండి చల్లటి గాలి దుమ్ము లేపుకుంటూ వచ్చిందంటే ఇక నిమిషాలే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఉరుము వినబడిందంటే పట్టా వదిలేసి లోపలికి పోండి. తడిసిన వడ్లు ఆరబెట్టుకోవచ్చు. ఏటా పిడుగు పడి పోయేవాళ్లలో ఎక్కువమంది పొలంలోనూ చెట్టు కిందా ఉన్నవాళ్లే. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి. 'దామిని' అనే యాప్ ఉచితం, మీరున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చెబుతుంది, మీ అబ్బాయి ఫోన్‌లో వేయించండి.

మా నాన్న ఇప్పటికీ 90 తుపాను సంగతే చెబుతారు. మేలో పెద్ద తుపాన్లు రావని మా కాలేజీ ఫ్రెండ్స్ అంటారు. ఎవరిది రైట్? - ఒక విద్యార్థిని, అవనిగడ్డ

నాన్నగారిదే. 1990 మే 9న కృష్ణా నది మొగ దగ్గర తీరం దాటిన ఆ తుపానుకు దాదాపు వెయ్యి మంది పోయారు. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది. 2022 మేలో అసని తీరం చేరేసరికి నీరసించింది. మీ ఫ్రెండ్స్ మాటలోనూ కొంత నిజముంది, మే తుపాన్లు ఎక్కువగా ఉత్తరానికి తిరిగి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు పోతాయి, మన తీరానికి అసలు గండం అక్టోబరు, నవంబరు నెలలు. మీ దివిసీమను ముంచింది కూడా 1977 నవంబరు 19నే కదా.

గాలి అంకెలు కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు వాయుగుండం, 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 62 చేరితే తుపాను, పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. అల్పపీడనం అనగానే వాట్సాప్‌లో పేరు పెట్టి తిప్పుతున్నారంటే అది ఎవరో కల్పించిందే.

జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. బోటుకు రంగు వేశాం, వలలు బాగు చేశాం, ఐసు, డీజిలు చూసుకోవాలి. రేవులో నంబరు జెండా ఏది ఉంటే పోకూడదు? ఐదు కంటే ఏడు పెద్దదా? - ఒక బోటు యజమాని, నిజాంపట్నం

తమ్ముడూ, రెండో ప్రశ్న మంచిది, దానికి చాలామంది తప్పు జవాబే చెబుతారు. ఒకటి, రెండు నంబర్లు దూరంలో సముద్రం మీద ఉన్న వాయుగుండమో తుపానో, దాని గురించి. మూడు అంటే రేవుకే ఈదురుగాలుల ముప్పు, నాలుగు అంటే తుపాను ముప్పు రావొచ్చు అని. ఐదు, ఆరు, ఏడు మాత్రం ఒకే స్థాయి ప్రమాదం, తేడా దారిలో ఉంది. తుపాను రేవును తన ఎడమ పక్కన వదిలి దాటితే ఐదు, కుడి పక్కన వదిలితే ఆరు, రేవు మీదుగానో అతి దగ్గరగానో వస్తే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే వరస, తుపాను తీవ్రమైనప్పుడు. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. మన తీరంలో తుపాను తూర్పు నుంచి వస్తుంది కాబట్టి దానికి కుడి పక్క అంటే ఉత్తరం, అక్కడే గాలి సముద్రాన్ని ఒడ్డు మీదకు నెడుతుంది. కాబట్టి ఆరు అని వింటే ఉప్పెన గురించి ఐదు కంటే ఎక్కువ భయపడాలి.

ఇక వేటకు పోవడం సంగతి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పెట్టింది చేప గుడ్లు పెట్టే కాలమని, అంతేగానీ జూన్ 15కి సముద్రం మంచిగా ఉంటుందని కాదు. ఆ సమయానికి నైరుతి గాలి ఊపు మీద ఉంటుంది. బులెటిన్‌లో 45-55 కిలోమీటర్ల గాలి, ఉండుండి 65 అని కనిపిస్తే వేటకు వెళ్లొద్దనే అర్థం, జెండా ఉన్నా లేకపోయినా. జూన్ గాలితో మోసం ఏంటంటే అది నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు చెరువులా ఉంటాయి, అల లేవడానికి గాలికి చోటు దొరకలేదు కాబట్టి. ఇరవై ముప్పై కిలోమీటర్లు పోయాక అసలు సంగతి తెలుస్తుంది. పైగా ఇంజను ఆగిపోతే గాలి మిమ్మల్ని ఒడ్డుకు కాదు, లోపలికి తోస్తుంది.

అల ఎత్తు 2.5 మీటర్లు అని రాశారంటే అది ఎక్కువలో ఎక్కువ అనుకోవద్దు. అలల్లో పెద్దవి మూడో వంతు తీసుకుని వాటి సగటు చెబుతారు. మధ్య మధ్య ఒకటి దానికి రెట్టింపు దాకా రావొచ్చు. రెండు నెలలు ఆగిన బోటును మొదటి రోజు అప్పు ఒత్తిడితో తోయాల్సి వస్తుందని నాకు తెలుసు, అయినా ఒక్కరోజు బులెటిన్ చూసి తోయండి.

తుపాను లేదు, వాన లేదు, ఆకాశం నీలంగా ఉంది. అయినా అలలు రోడ్డెక్కి మా గుమ్మం దాకా వచ్చాయి. ఎందుకు? - ఒక పాఠకురాలు, ఉప్పాడ

ఆ అల పుట్టింది మీ దగ్గర కాదమ్మా. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో, ఇక్కడికి వేల కిలోమీటర్ల అవతల, పెద్ద గాలివాన వస్తే అక్కడ లేచిన అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన తీరానికి చేరతాయి. వీటి మధ్య ఎడం ఎక్కువ, పదిహేను సెకన్లకు పైగా పడుతుంది ఒకదాని వెనక ఇంకోటి రావడానికి. చూడటానికి నెమ్మదిగా ఉంటాయి, మీద పడ్డప్పుడు మాత్రం నీళ్ల గోడ. కేరళలో దీన్ని కల్లకడల్ అంటారు, దొంగ సముద్రం అని. అది వచ్చిన రోజే అమావాస్యో పౌర్ణమో అయి పోటు కూడా తోడైతే ఇక రోడ్డు ఆగదు. మీ ఒడ్డు ఏళ్ల తరబడి కోసుకుపోతూ ఉంది కాబట్టి అలకు అడ్డుపడే ఇసుక కూడా మిగల్లేదు.

దీనికి ముందే హెచ్చరిక ఇస్తారు, హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు, అలల సూచన అని. ఆ రోజు పడవలను ఒకదానికొకటి గుద్దుకోకుండా ఎడంగా కట్టాలి, పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపకూడదు. ఎండగా ఉంది కదా అని స్నానాలకు దిగి పోయేవాళ్లు ఇలాంటి రోజునే పోతారు.

మా ఆయన గుజరాత్ వేరావల్‌లో బోటు మీద ఉన్నారు. నెలాఖరుకు వచ్చేస్తానన్నారు. అటు సముద్రం ఎలా ఉంటుందండి? - ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి మొదలవుతుంది, కాబట్టి మే ఆఖరుకు బోట్లన్నీ రేవు చేరాలి, ఆ లెక్కన ఆయన మాట నిజమే. మీరు కంగారు పడేది ఆ చివరి ట్రిప్పు గురించే అనుకుంటాను. నైరుతి రుతుపవనాలు కమ్ముకునే ముందు, కమ్ముకునేటప్పుడు అరేబియా సముద్రంలో తుపాన్లు పుడుతుంటాయి. 2020 జూన్ 3న నిసర్గ మహారాష్ట్రలో దాటింది, 2021 మే 17న తౌక్తే గుజరాత్‌నే కొట్టింది, 2023 జూన్ 15న బిపర్‌జోయ్ జఖౌ దగ్గర దాటింది. మూడింటికీ రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి. ఫోన్ చేసినప్పుడు ఎలా ఉన్నావని అడగడంతో ఆపకండి, 'గుజరాత్ తీరానికి ఇవాళ ఏం చెప్పారు' అని అడగండి. విశాఖ బులెటిన్ చూసి ధైర్యపడొద్దు, అది వేరే సముద్రం.

రుతుపవనాలు కేరళ వచ్చేశాయన్నారు. పత్తి గింజలు కొని పెట్టిన. ఎప్పుడు వేయాలె? - ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

టీవీ స్క్రోలింగ్ చూసి గింజ వేయొద్దు, అన్నా. కేరళకు మామూలు తేదీ జూన్ 1. అక్కడి నుంచి రాయలసీమకు నాలుగైదు రోజులు, తెలంగాణకు పది రోజుల లోపు, అది సజావుగా నడిస్తే. 2025 గుర్తుందా? మే 24నే కేరళ తాకింది, 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే. రెండు రోజుల్లో మన దగ్గరికీ వచ్చింది. ఊరంతా సంబరం. మే 29 తర్వాత రెండు వారాలకు పైగా ముందుకు కదల్లేదు.

రుతుపవనం వచ్చిందనేది గాలి, మబ్బు, కేరళ పక్క కేంద్రాల్లో వాన చూసి చేసే ప్రకటన. మీ చేను తడిసిందా లేదా అనేది వేరే సంగతి. నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాక, నేల లోపల జానెడు తడి చేతికి అంటాక వేయండి. మొదటి వానకే వేసి, మొలక ఎండి, మళ్లీ గింజలు కొనడం కంటే వారం ఆలస్యం నయం. రోహిణికి రోళ్లు పగులుతాయన్న మన పెద్దలే మృగశిరకు ముంగిళ్లు చల్లబడతాయని కూడా అన్నారు, జూన్ 8 దగ్గర మృగశిర వస్తుంది, అప్పటిదాకా సంచి విప్పకండి.

మాగాయ ముక్కలు ఉప్పులో వేసి మూడు రోజులైంది, రేపు ఎండబెట్టాలి. రోజూ సాయంత్రం మబ్బు పడుతోంది. వేయనా, ఆగనా? - ఒక పాఠకురాలు, తెనాలి

మీ ప్రశ్నకు పత్రికలో జవాబు వచ్చేసరికి మీ ముక్కల సంగతి తేలిపోయి ఉంటుంది, అయినా వచ్చే ఏడాదికి పనికొస్తుంది. ఈ కాలం గాలివానలు పొద్దున రావు, ఎండకు నేల కాగి, సముద్రం తేమ తోడై, మబ్బు కట్టేసరికి మూడు దాటుతుంది. కాబట్టి ఎనిమిదింటికి మేడ మీద వేసి రెండున్నరకు ఎత్తేయండి, అలా మూడు రోజులు. ఒక్కరోజు పూర్తి ఎండ కోసం ఆగితే ముక్క మెత్తబడుతుంది. మా అమ్మ చాప కింద పాత దుప్పటి పరిచేది, మబ్బు కనిపిస్తే నాలుగు కొసలూ పట్టుకుని ఒక్క గుంజుతో అంతా మూటగట్టి దిగేది. ఒకసారి ముక్కలన్నీ భద్రంగా దించింది గానీ ఊట గిన్నె పిట్టగోడ మీదే మర్చిపోయింది.